ఒక్క పొడుగాటి ఈల

మా ఇంట్లో ఎవరూ ఒట్టు పెట్టరు. ఒట్టు పెట్టడం పాపమని మా పాస్టరుగారు ఆదివారం ఆదివారం చెప్పి చెప్పి మా చెవుల తుప్పు వదిలించాడు. చిన్నప్పటి నుంచి నేనూ ఎవరి మీదా ఒట్టు పెట్టలేదు. ఈ ఒక్కదానికి మాత్రం పెడతాను. మా అమ్మ మీద ఒట్టు... ఇది జరిగింది. నా కళ్ళ ముందే జరిగింది. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం నేను లేచి వెళ్ళిపోతాను.

నా పేరు రూతు. మాది మదనపల్లె. మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయా. అవ్వా తాతా కూలికి పోయి బతికినవాళ్ళు. మా వంశంలో మొదటి ఇంజనీరును నేనే. కురబలకోట దగ్గర కాలేజీలో మెకానికల్ చదివాను. నాతో చదివిన ఆడపిల్లలందరూ బెంగళూరు వెళ్ళి చల్లటి గదుల్లో కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. నాకేమో క్రేన్లంటే పిచ్చి. ఇంత పెద్ద ఇనుపముద్ద గాల్లోకి లేచి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు మెల్లగా బండి మీదకు దిగుతుంటే, అది చూస్తూ ఆకలి కూడా మరిచిపోతాను. అందుకే పెద్ద పెద్ద బరువులెత్తి ఊళ్ళు దాటించే ఒక కంపెనీలో ట్రైనీగా చేరాను. కంపెనీ పేరు అడగొద్దు.

ట్రైనీ బతుకు ఇన్‌చార్జి నోట్లో ఉంటుంది. ఆయన పనికొస్తుందంటే ఉంటాం, పనికిరాదంటే ఇంటికి పోతాం. నా ఇన్‌చార్జి రెడ్డెప్ప సారు. ఆయన ఎవరి మీదా చెయ్యి చేసుకోడు. ఆ అవసరం లేదు. ఒకసారి ఒకతను గొలుసు కింద వేలు నలిగి విలవిల్లాడుతుంటే, ఈయన టీ తాగుతూ, “యాల ఏడుస్తావురా, ఇంగా తొమ్మిదుండాయి గదా” అన్నాడు. అందరూ నవ్వారు. వేలు నలిగినవాడు కూడా నవ్వాడు. ఆయన దగ్గర పని అలా ఉంటుంది.

ఆ రోజు మదనపల్లె బయట యార్డులో ఒక ట్రాన్స్‌ఫార్మర్‌ను ట్రెయిలర్ మీదకెక్కించాం. మీ వీధి చివర స్తంభానికి వేలాడేది అనుకునేరు. ఇది ఇల్లంత ఉంటుంది. పుంగనూరు, వి.కోట మీదుగా తీసుకెళ్ళి కుప్పం అవతల గుడుపల్లె దగ్గర దించాలి. ఆ ట్రెయిలర్ కింద వరసలు వరసలుగా చక్రాలు. చక్రాలకూ పైనున్న ఇనుప పలకకూ మధ్య నూనె ప్రెషర్‌తో పనిచేసే జాకీలు. రోడ్డు ఎగుడుదిగుడుగా ఉన్నా బరువు ఒరగకుండా అవే ఆ పలకను మోస్తుంటాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

బండి మనిషి నడకంత వేగంతోనే పోతుంది. దారికి అడ్డంగా కరెంటు తీగలొస్తే, బరువు మీద కూర్చున్న మనిషి వెదురుగడతో వాటిని ఎత్తిపట్టాలి. ముందుగా ఆ ఊరి లైన్‌మన్‌కు ఫోన్ చేసి కరెంటు తీయించాలి. తీసేశారా లేదా అన్నది కింద నడిచే ఇన్‌చార్జి చెప్పాలి. పైనున్నవాడు ఆ మాట నమ్మి గడ ఎత్తుతాడు. వాడికి వేరే దారి లేదు.

సాయంత్రం రెడ్డెప్ప సారు నన్ను పిలిచాడు.

“ఏమ్మా ఇంజనీరూ, ఎత్తంటే భయమా?”

“లేదు సార్.”

“అయితే పైకెక్కు. వైర్లెత్తే మనిషి లేడు.”

“సార్, అది నా పని కాదు గదా...”

“సదువుకున్న సేతులు గడ పట్టుకుంటే అరిగిపోతాయా? గుడుపల్లె దాకా పైన కూసుంటే పనికొస్తావని సెప్తా. లేదంటే పొద్దున్నే బస్సెక్కి మీయమ్మ కాడికి పో.”

అని, జేబులోంచి ఒక స్టీలు ఈల తీసి నా చేతిలో పెట్టాడు. పాత బూటు తాడు కట్టి ఉంది దానికి. మెడలో వేసుకోబోతూ చూశాను... ఈల నోరు తడిగా ఉంది. ఇప్పుడే ఎవరో ఊది ఇచ్చినట్టు. ఈయనే ఊది ఉంటాడనుకున్నాను. అసహ్యమేసి జాకెట్ అంచుతో గట్టిగా తుడిచాను.

మా పనిలో ఈలకు ఒక పద్ధతుంది. బండిని నడిపించే ఈల ఒక్కడే ఊదాలి. అందరూ ఊదితే కొంపలంటుకుంటాయి. కానీ ఆపే ఈల ఎవరైనా ఊదవచ్చు. ఒక్క పొడుగాటి ఈల. ఊదినవాడు స్వీపరైనా సరే, దారిన పోయేవాడైనా సరే... అది వినపడితే బండి ఆగాలి. ఎందుకని అడగకూడదు. ముందు ఆగి, తర్వాత అడగాలి. మాకు మొదటి రోజు ఇన్‌చార్జి నేర్పే పాఠం అదే.

పుంగనూరులో టీకి ఆపారు. రెడ్డెప్ప సారు దూరంగా నిలబడి ఫోన్ మాట్లాడుకుంటున్నాడు. డ్రైవరు ఖాదరన్న నా దగ్గరికొచ్చి, నా మెడలో ఈల చూసి, టీ తాగడం ఆపేశాడు.

“అది యాడిదమ్మా?”

“సారు ఇచ్చినాడన్నా.”

“అది గంగులప్పది.”

గంగులప్ప ఎవరో నాకు తెలియదు. ఖాదరన్న గొంతు తగ్గించి చెప్పాడు. నాకు ముందు ఈ బండి మీద వైర్లెత్తినవాడు గంగులప్ప. వి.కోట మనిషి. ఒక రాత్రి రెడ్డెప్ప సారు లైన్‌మన్‌కు ఫోన్ చెయ్యకుండానే, ఆలస్యమైపోతాందని, కరెంటు తీసేసినారు ఎత్తు అన్నాడట. గంగులప్పకు అనుమానమొచ్చింది. గడ ఎత్తకుండా ఈల ఊదాడు. ఒక్క పొడుగాటి ఈల.

“నాకినపడింది మా. బ్రేకు మింద కాలు పెట్టినా. వానికి ఈల ఊదేదే పని, నువ్వు పోనీ అన్నాడు సారు. పోనిచ్చినా...” అన్నాడు ఖాదరన్న. టీ గ్లాసు కింద పెట్టి, “తీగ వచ్చి వాని గొంతుకు తగిలింది. ఈల నోట్లోనే ఉండాది, దించినప్పుడు” అన్నాడు.

మిగిలిన టీ నేల మీద పారబోశాను. చచ్చిపోయినవాడి ఈల నా మెడలో వేశాడు ఆ మనిషి! వేసి, పైగా అక్కడి నుంచే నా మొహం చూస్తున్నాడు. ఖాదరన్న చెప్పేశాడని ఆయనకు అర్థమైంది. నవ్వుతూ, “ఏమ్మా, బస్సెక్కుతావా, బండెక్కుతావా?” అన్నాడు. నాకు కోపం ముంచుకొచ్చింది. బండే ఎక్కాను. మా అమ్మ వీధి వీధంతా చెప్పుకుంది, నా కూతురు ఇంజనీరని. ఏ మొహం పెట్టుకుని బస్సు దిగను?

మర్నాడు రాత్రి వి.కోట దాటేసరికి రోడ్డు మీద మేం తప్ప ఎవరూ లేరు. ముందు పోయే జీపు, కుప్పం వైపు మలుపు దగ్గర దారి చూడటానికి వెళ్ళిపోయింది. క్యాబిన్‌లో ఖాదరన్న. పక్కన టార్చి పట్టుకుని నడుస్తూ రెడ్డెప్ప సారు. పైన నేను. ట్రాన్స్‌ఫార్మర్ మీద కప్పిన నీలం టార్పాలిన్ పట్ట గాలికి టప్... టప్... అని కొట్టుకుంటోంది. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మంచుకు వెదురుగడ తడిసి చల్లగా ఉంది.

దూరంగా ఒక పల్లె కనపడింది. దాని ముందు రోడ్డుకు అడ్డంగా తీగలు.

“కరెంటు తీసేసినారు, ఎత్తు!” కింద నుంచి రెడ్డెప్ప సారు అరిచాడు.

కూర్చున్నదాన్ని లేచాను. గడ పైకెత్తాను. తీగలు దగ్గరికొస్తున్నాయి. నల్లగా... సన్నగా... ఇంకాస్త దగ్గరగా.

అప్పుడు వినపడింది.

ఈల. ఒక్క పొడుగాటి ఈల. ఎక్కడో దూరం నుంచి కాదు... నా వెనక. చెయ్యి వెనక్కి చాపితే తగిలేంత దగ్గర. చెవిలో గాలి కూడా తగిలింది నాకు. వెచ్చగా.

బండి ఆగింది. ఖాదరన్న ఎంత గట్టిగా బ్రేకు తొక్కాడంటే, ఇనుమంతా ఒక్కసారి మూలిగింది. నేను గడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఈల నా మెడలోనే వేలాడుతోంది. నా పెదవులకు తగల్లేదు. ఒట్టు... తగల్లేదు.

మెల్లగా తల తిప్పాను. ఎవరూ లేరు. నీలం పట్ట. అంతే. గాలికి అంతా ఎగురుతోంది ఆ పట్ట. నేను కూర్చుని లేచిన చోటు కూడా పొంగి ఎగురుతోంది. కానీ... దాని పక్కన ఒక్క చోట మాత్రం ఎగరడం లేదు. మనిషి కూర్చుంటే నొక్కుకున్నంత మేర, అణిగి ఉంది.

నేను ఎంతసేపు చూశానో తెలియదు. కళ్ళు తిప్పుకోవడానికి పల్లె వైపు చూశాను. అప్పుడు ఇంకొకటి కనపడింది. ఆ పల్లెలో లైట్లు వెలుగుతున్నాయి.

“సార్, కరెంటుండాది!” అని అరిచాను.

“అది సోలారు లైటులే, ఎత్తు.”

“సోలారు కాదు సార్, ఊరంతా ఎలగతాండాది” అన్నాడు ఖాదరన్న, క్యాబిన్‌లోంచి తల బయట పెట్టి.

రెడ్డెప్ప సారు తిట్టుకుంటూ ఫోన్ తీశాడు. అప్పుడు చేశాడు... అప్పుడు! కాసేపటికి పల్లె మొత్తం చీకటైపోయింది. ఇంకో అడుగు బండి కదిలి ఉంటే, మా అమ్మకు నన్ను గోనెపట్టాలో చుట్టి ఇచ్చేవాళ్ళు. ఆయన కనీసం అయ్యో అనలేదు.

“ఈల ఎవురూదమన్నారు నిన్ను?”

“నేను ఊదలేదు సార్.”

“మరి మీ తాత ఊదినాడా? ఈడియ్యి ఆ ఈల. ఇంగోసారి బండి ఆపినావంటే ఈడ్నే దింపేస్తా. రాత్రిపూట రోడ్డెక్కే ఏనుగులతో మాట్లాడుకుంటా నడిచి పో మదనపల్లెకి.”

ఈల తీసి కిందికి విసిరేశాను. ఆయన పట్టుకుని చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడు. నేను గడతో తీగలెత్తాను. బండి పల్లె దాటింది. పక్కన ఆ అణిగిన చోటు వైపు మాత్రం నేను మళ్ళీ చూడలేదు. చూడకుండానే దానికి కొంచెం చోటిచ్చి ఇటు జరిగి కూర్చున్నాను. నవ్వొస్తే నవ్వండి, అప్పటికి నాకు దాని మీద భయం కంటే కృతజ్ఞత ఎక్కువుంది. గంగులప్పన్నా, నీ పుణ్యముంటుంది, గుడుపల్లె దాకా తోడుండు అని మనసులో అనుకున్నాను కూడా.

తర్వాత చాలా దూరం ఏమీ లేదు. ఇళ్ళు లేవు. తీగలు లేవు. రెండు పక్కలా మల్బరీ తోటలు, చీకటి. ఆపడానికి కారణమే లేని రోడ్డు.

అక్కడ వినపడింది మళ్ళీ. ఒక్క పొడుగాటి ఈల. పైనే, నా చెవి వెనక.

బండి ఆగింది. ముగ్గురం విన్నాం. రెడ్డెప్ప సారు చెయ్యి టక్కున జేబు మీదకు పోయింది. బొత్తాం పెట్టినట్టే ఉంది. పైనుంచి టార్చి వెలుగులో ఆయన మొహం చూశాను. ఆ మొహంలో నేను మొదటిసారి భయం చూశాను. బాగుంది నాకు. నిజం చెబుతున్నా... చాలా బాగుంది.

ఆ భయం ఎంతోసేపు నిలవలేదు. కోపమైపోయింది.

“లీకు! గాలి పైపు లీకవతాండాది. అదే ఈలేసినట్టు ఇనపడతాండాది. దయ్యమంట దయ్యం... ఇప్పుడే పట్టుకుంటా, సూడండి” అని టార్చి నోట కరుచుకుని ట్రెయిలర్ కిందికి వంగాడు.

అక్కడ నాకు చదువు గుర్తొచ్చింది. పలక కింద మనిషి దూరాలంటే ముందు కర్ర దిమ్మెలు పెట్టాలి. జాకీలో నూనె ప్రెషర్ పోతే పలక అమాంతం కిందికి దిగుతుంది.

“సార్, దిమ్మెలు పెట్టకుండా దూరొద్దండి!”

టార్చి చేతిలోకి తీసుకుని, “నాకు పాఠాలు సెప్తాండావా? నోరు మూసుకోని పైన్నే ఉండు” అన్నాడు. తర్వాత ఖాదరన్నకు వినపడేలా గట్టిగా అరిచాడు. “ఇంజిను ఆపొద్దు. ప్రెషరుంటేనే లీకు తెలుస్తాది. నేను కిందుండంగా ఈల ఇనపడితే అది లీకే. ఎవురూ కదలొద్దండి. కదిలినోళ్ళని పన్లోంచి తీసేస్తా!”

దూరాడు.

పై నుంచి నాకు ఆయన కనపడడు. చక్రాల సందుల్లోంచి టార్చి వెలుగు మాత్రం రోడ్డు మీద పడుతోంది. ముందుకు... వెనక్కు... ఒక చోట ఆగి... మళ్ళీ ముందుకు. ఇంజిను గుడగుడలాడుతోంది. పట్ట టప్... టప్... మంటోంది.

ఉన్నట్టుండి పట్ట చప్పుడు పెరిగింది. నా పక్కన అప్పటిదాకా అణిగి ఉన్న చోటు... పొంగింది. గాలికి లేచి కొట్టుకోసాగింది. అక్కడ కూర్చున్నది లేచి వెళ్ళినట్టు.

అంతలో కింద ఏదో పగిలింది. పెద్ద చప్పుడు కాదు. సోడా మూత తీసినంత. నూనె వాసన గుప్పుమంది. నా కింద బరువంతా కదిలింది... లిఫ్టు దిగినట్టు, మెత్తగా, ఎక్కడా ఆగకుండా, కిందికి దిగింది. రోడ్డు మీద టార్చి వెలుగు కదలడం మానేసింది.

అరుపు వినపడలేదు. అరుపు వినపడి ఉంటే బాగుండేది.

వినపడింది ఈలే. ఒక్క పొడుగాటి ఈల. ఈసారి కింద నుంచి.

“అన్నా! సారు... సారు ఊదతాండాడు! కిందికొచ్చేసింది పలక!”

ఖాదరన్న క్యాబిన్‌లోంచి నా వైపు చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. కోపం లేదు, కంగారు లేదు. అన్నం తిన్నావా అని అడిగేంత మామూలుగా, “సారేం సెప్పినాడు మా? ఈల ఇనపడితే లీకే, కదలొద్దన్నాడు గదా” అన్నాడు.

మళ్ళీ ఈల. సన్నగా... పొడుగ్గా...

నేను దూకేశాను. ఎక్కడ కాలు పెట్టానో, మోకాలు ఎక్కడ కొట్టుకుందో తెలియదు. దిమ్మెలున్న పెట్టె నేనే లాగాను. చేతి జాకీ నేనే పెట్టాను. గొంతు చించుకుని తిడితే, అప్పుడు దిగొచ్చాడు ఖాదరన్న. వచ్చాక మాత్రం నాకంటే గట్టిగా పనిచేశాడు. ఏడుస్తూ పనిచేశాడు. ఆయన్ను ఆ రాత్రి అర్థం చేసుకోలేదు, ఇప్పటికీ అర్థం కాలేదు.

రెడ్డెప్ప సారు బతికాడు. మొదట కుప్పంలో చూపించి, తర్వాత సొంతూరని మదనపల్లెకు, మా అమ్మ పనిచేసే ఆసుపత్రికే తెచ్చారు. రెండు కాళ్ళూ తీసేశారు. చేతులు రెండూ ఉన్నాయి గానీ ఉన్నాయంటే ఉన్నాయి. నూనె పైపు పాతదై పగిలిందని కంపెనీవాళ్ళు తేల్చారు. అలాంటి పైపులు పగలకముందు ఈలవేసినట్టు చప్పుడు చేయవచ్చని కూడా ఒకాయన అన్నాడు. చేయవచ్చు. కాదనను. పైపు ట్రెయిలర్ కిందుంది, ఈల రెండుసార్లు నా చెవి వెనక వినపడింది అంటే, అలసిపోయి ఉన్నావమ్మా అన్నాడు.

నన్ను ఉద్యోగంలో పర్మనెంటు చేశారు. సమయానికి మనిషిని బయటికి తీసినందుకట. మా అమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పి, అందరికీ మైసూరుపాక్ పంచింది. దేవుడు నా కూతురి చేత ఒక ప్రాణం కాపాడించాడని.

కొన్నాళ్ళకు వార్డుకు వెళ్ళాను చూడటానికి. ఆయన థ్యాంక్స్ చెబుతాడనుకున్నాను. గుర్తుపట్టగానే మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

“యాల తీసినావు పాపా నన్ను?”

“అదేంది సార్... మీరు ఈల ఊదినారు గదా, అందుకే...”

“నేనెట్ల ఊదేది? సేతులు రెండూ ఇనుము కిందుండె. ఈల జేబులో ఉండె, బొత్తాం పెట్టుకోని ఉండా. అరిసేదానికి కూడా ఊపిరాడలే నాకు.”

ఆయన మెల్లగా ఇటు తిరిగాడు. ఆ కళ్ళు... ఎన్ని రోజులుగా నిద్రపోలేదో.

“ఈడ కూడా ఊదతాండాడు. దినామూ. నర్సులకి ఇనపడదంట. నొప్పెక్కువై, ఇంగ సాలు, పోదాం అని కండ్లు మూసుకుంటానే... చెవి కాడ ఈలేస్తాడు. ఒక్క పొడుగాటి ఈల. మళ్ళా మెలకువొస్తాది. మళ్ళా నొప్పి...” ఆయన కాళ్ళుండాల్సిన చోట దుప్పటి వైపు చూశాడు. “ఆపే ఈల ఎవురూదినా ఆగాల గదమ్మా. నేనే గదా నీకు నేర్పిచ్చింది.”

నేను పరుగులాంటి నడకతో బయటికొచ్చేశాను. వరండాలో మా అమ్మ ఎదురొచ్చి, చేతిలో ఒక కాగితం పొట్లం పెట్టింది. రెడ్డెప్ప సారు చొక్కా జేబులో దొరికినవట. కంపెనీ సామాను నీకే ఇమ్మన్నారు అంది. విప్పాను. పెన్ను, బండి తాళంచెవి, ఆ ఈల. ఈల నోరు తడిగా ఉంది.

“దీన్ని కడిగినావా మా?”

“నేనేల కడుగుతాను మే? కట్టిన పొట్లం కట్టినట్టే ఉండాది గదా.”

ఇప్పుడా ఈల నా దగ్గరే ఉంది. పారేయడానికి ధైర్యం లేదు, ఊదడానికి అసలే లేదు. గంగులప్ప ఆ రాత్రి నన్ను కాపాడాడు, అది నేను నమ్ముతాను. ఆఖరి ఈల కూడా మంచి మనసుతోనే ఊదాడని మా అమ్మ అంటుంది. పైపు చప్పుడని ఇంజనీర్లంటారు. నాకు తెలియదు... ఆ మనిషిని బతికించమని నన్ను పిలిచాడా, అంత తేలిగ్గా చావనివ్వొద్దని పిలిచాడా?

ఆయన ఇంకా ఆ వార్డులోనే ఉన్నాడు. ఈ పొద్దు తెల్లారేసరికి ప్రాణం పోతుందని డాక్టర్లు చెప్పారట. ఇందాకే మా అమ్మ ఫోన్ చేసింది. మళ్ళీ కళ్ళు తెరిచాడంట.